స్ట్రిప్ చేశా, రీప్లేస్ చేశా, ఎర్రర్ రాలేదు. అయినా మాట మారలేదు (పైతాన్)

ప్రశ్న:
నమస్కారమండీ. పైతాన్ ప్రోగ్రామింగ్ మొదలుపెట్టి నెల రోజులైంది. ఒక ఫైల్లో లైనుకొకటి చొప్పున 40,000 తెలుగు మాటలున్నాయి. రీడ్‌లైన్స్‌తో చదివి "మాటలు" అనే లిస్ట్‌లో పెట్టుకున్నా. అందులో "హృదయం" ఉందా అని వెతికితే లేదంటోంది. ఫైల్ తెరిస్తే ఎదురుగానే కనిపిస్తోంది! లైను చివర ఖాళీలేమైనా ఉన్నాయేమోనని ఇలా రాశా:

ఫర్ మాట ఇన్ మాటలు:
    మాట.స్ట్రిప్()
    మాట.రీప్లేస్("హ్రు", "హృ")

కొన్నిచోట్ల "హ్రుదయం" అని తప్పు పడింది, అందుకే ఆ రీప్లేస్. ఎర్రర్ రాలేదు, పనీ కాలేదు. విసుగొచ్చి మాట[0] = "హృ" అని కొడితే టైప్ ఎర్రర్: స్ట్రింగ్‌లో (అంటే అక్షరాల వరుసలో) ఒక ఐటెమ్‌కి అలా విలువ ఇవ్వడం కుదరదట. కోడ్‌ని తెలుగులో కొట్టినందుకు ఏమనుకోకండి, ఫోన్లోంచి రాస్తున్నా.

జవాబు:
ఆ ఎర్రరే మీకు అసలు సంగతి చెప్పేసిందండీ. పైతాన్‌లో స్ట్రింగ్ ఒకసారి తయారయ్యాక మారదు. స్ట్రిప్, రీప్లేస్, అప్పర్ ఇవేవీ ఉన్న స్ట్రింగ్‌ని ముట్టుకోవు. మార్పు చేసిన కొత్త స్ట్రింగ్‌ని తయారుచేసి మీ చేతికిస్తాయి. మీరు దాన్ని దేంట్లోనూ పట్టుకోలేదు కాబట్టి అది అక్కడే పోయింది. ఇలా రాయండి:

మాట = మాట.స్ట్రిప్()
మాట = మాట.రీప్లేస్("హ్రు", "హృ")

లైను చివర ఏముందో చూడాలంటే ప్రింట్ కాదు, ప్రింట్(రెప్ర్(మాట)) వాడండి. మాట పక్కనే న్యూలైన్ గుర్తు (లైను ముగిసిందని చెప్పేది) కనిపిస్తుంది. "హృదయం" పొడవు 5, మీ లిస్ట్‌లో ఉన్నదాని పొడవు 6. అందుకే రెండూ సమానం కాలేదు.

అడిగినవారు:
అలాగే మార్చానండీ. లూప్‌లో ప్రింట్ చేస్తే చక్కగా వస్తోంది. లూప్ బయటికొచ్చి లిస్ట్ చూస్తే మళ్ళీ పాతవే! నాకు పిచ్చెక్కేలా ఉంది.

జవాబు:
తప్పు నాదే, లిస్ట్ సంగతి కూడా అప్పుడే చెప్పాల్సింది. "మాట" అనేది ఒక పేరు, అంతే. లూప్ తిరిగిన ప్రతిసారీ ఆ పేరు లిస్ట్‌లోని ఒక స్ట్రింగ్‌ని చూపిస్తుంది. మాట = మాట.స్ట్రిప్() అనగానే పేరు పాతదాన్ని వదిలేసి కొత్తదాన్ని పట్టుకుంటుంది. లిస్ట్‌లోని గడికి ఈ విషయం తెలియదు, అది పాత స్ట్రింగ్‌నే పట్టుకుని కూర్చుంటుంది. కొత్త లిస్ట్ కట్టుకోవడమే తేలిక:

మాటలు = [మ.స్ట్రిప్().రీప్లేస్("హ్రు", "హృ") ఫర్ మ ఇన్ మాటలు]

ఫంక్షన్లలోనూ ఇదే తంతు. స్ట్రింగ్‌ని ఫంక్షన్‌కి పంపి లోపల ఎంత మార్చినా బయటివాళ్ళకు తెలియదు. రిటర్న్ చేయాలి, బయట పట్టుకోవాలి.

ఇంకొకరు:
మొదటి అక్షరం గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెప్తా. "హృ" + మాట[1:] అని రాద్దామనిపిస్తుంది. ఇంగ్లీషు మాటలకైతే సరిపోతుంది. తెలుగులో మాత్రం కంటికి కనిపించే అక్షరం వేరు, పైతాన్ లెక్కపెట్టేది వేరు. "హ్రు" మనకు ఒక్క అక్షరం. పైతాన్‌కు హ, పొల్లు, ర, కొమ్ము, మొత్తం నాలుగు. [1:] అంటే హ ఒక్కటే పోయి పొల్లు దగ్గర్నుంచి మిగులుతుంది, హృ పక్కన దిక్కులేని రావత్తు వేలాడుతుంది. కావాల్సింది మాట[4:]. "స్త్రీ" పొడవు అడిగి చూడండి, 6 అంటుంది. అందుకే తెలుగుకి ఇండెక్స్‌ల జోలికి పోకుండా రీప్లేస్ వాడుకోవడం మేలు. మాటలో మొదట కనిపించినచోట మాత్రమే మార్చాలంటే మూడో ఆర్గ్యుమెంట్‌గా 1 ఇవ్వండి.

అడిగినవారు:
రెండూ పనిచేశాయి, చాలా థాంక్సండీ. అసలు మారనివ్వకపోవడం వల్ల ఎవరికి లాభం? ఇంకోటి, మాటలన్నీ కలిపి ఒకే పెద్ద స్ట్రింగ్ చేస్తున్నా: లూప్‌లో సెల్ఫ్.మొత్తం += మాట + న్యూలైన్. బాగా నెమ్మదిగా ఉంది.

జవాబు:
లాభం మీకే. డిక్షనరీలో (కీ చెబితే దానికి జతచేసిన విలువ ఇచ్చే పట్టిక) కీగా స్ట్రింగ్ పెట్టినప్పుడు దాని హాష్ విలువను (లోపలున్నదాన్నుంచి లెక్కగట్టే ఒక సంఖ్య) బట్టి దాన్ని ఎక్కడ పెట్టాలో పైతాన్ నిర్ణయిస్తుంది. పెట్టాక ఆ స్ట్రింగ్ లోపల మారిపోతే హాష్ మారిపోతుంది, వెతికితే వేరే చోట వెతుకుతుంది, ఉన్న కీ కూడా దొరకదు. లిస్ట్‌ని కీగా పెట్టబోతే ఒప్పుకోకపోవడానికి కారణం ఇదే.

నెమ్మదికి కారణం కూడా ఈ మారకపోవడమే. += చూడ్డానికి చివర అతికించినట్టుంటుంది, నిజానికి పాతదంతా కాపీ చేసి కొత్త స్ట్రింగ్ కడుతుంది. మాటకు 10 అక్షరాలనుకుంటే 40,000 మాటలకు చివర్లో వచ్చేది 4 లక్షల అక్షరాలు. అక్కడికి చేరేలోపు జరిగే కాపీ దాదాపు 800 కోట్ల అక్షరాలు. ముక్కల్ని లిస్ట్‌లో పోగుచేసి చివర్లో ఒక్కసారి న్యూలైన్.జాయిన్(మాటలు) అనండి. జాయిన్ ముందే మొత్తం పొడవు లెక్కేసుకుని ఒకేసారి చోటు తీసుకుంటుంది.

ఇంకొకరు:
చిన్న మాట. నేను లోకల్ వేరియబుల్‌తో += వాడితే నెమ్మదేమీ కనిపించలేదే?

జవాబు:
సీపైతాన్‌లో, అంటే మనం మామూలుగా వాడే పైతాన్‌లో, ఒక చిట్కా ఉందండీ. ఆ స్ట్రింగ్‌ని ఇంకెవరూ పట్టుకోలేదని తేలితే ఉన్నచోటే పెంచడానికి చూస్తుంది. కానీ సెల్ఫ్.మొత్తం లాంటి యాట్రిబ్యూట్‌కి (ఆబ్జెక్ట్ లోపల దాచుకున్న పేరు) అది వర్తించదు. దాన్ని నమ్ముకుని కోడ్ రాయొద్దని పైతాన్ వాళ్ళ శైలి నియమాలు, అదే పెప్ 8, స్పష్టంగా చెప్తున్నాయి. నేనైతే పది ముక్కల వరకు += తో కానిచ్చేస్తా, లూప్ కనిపిస్తే జాయిన్.

ఇంకొకరు:
జావాలోనూ స్ట్రింగ్ మారదు, అక్కడ ఈ పనికి స్ట్రింగ్‌బిల్డర్ ఉంది. జావాస్క్రిప్ట్ ఇంకా అన్యాయం: స్ట్రిక్ట్ మోడ్ లేకపోతే మాట[0] = అన్నా ఎర్రర్ ఇవ్వదు, కిమ్మనకుండా ఊరుకుంటుంది. మీకు ఎర్రరైనా వచ్చింది, సంతోషించండి.

అడిగినవారు:
జాయిన్‌తో చిటికెలో అయిపోయింది. ఇక ఏ మెథడ్‌నీ పట్టుకోకుండా వదలకూడదని మాటలు = మాటలు.సార్ట్() అని రాశా. 40,000 మాటలూ పోయి నన్ అని వచ్చింది.

జవాబు:
😀 అది లిస్ట్ అండీ, మారుతుంది. సార్ట్ ఉన్నచోటే సర్దేసి ఏమీ తిరిగివ్వదు, ఆ "ఏమీ లేదు"నే మీరు పట్టుకున్నారు. ఉత్తినే మాటలు.సార్ట్() అనండి, లేదా మాటలు = సార్టెడ్(మాటలు). ఫైల్ మళ్ళీ చదువుకోండి, ఏమీ పోలేదు.