గర్భసంచి తీశాక కింద జారితే: ల్యాప్రోస్కోపీ మెష్ మంచిదేనా?

ప్రశ్న (కావలి): మనిషికి 58 ఏళ్లు, నాట్లకు వెళ్తుంది. గర్భసంచి ఎప్పుడో తీసేశారు. ఇప్పుడు యోని పైభాగం జారి బయటికొస్తోంది. నెల్లూరులో ల్యాప్రోస్కోపీతో (పొట్టకు చిన్న రంధ్రాలు పెట్టి, కెమెరాతో చేసే ఆపరేషన్) మెష్, అంటే వలలాంటి గుడ్డ, వేస్తామంటున్నారు. మెష్ నిషేధించారు కదా?

జవాబు 1: 2019 ఏప్రిల్‌లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అమ్మకం ఆపించింది, జారుడుకు యోనిలోంచి వేసే మెష్‌ని. పొట్టలోంచి వేసేది వేరు. పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్‌తో చేసిన మెష్ పంగలకర్రలా ఉంటుంది: రెండు పంగలు యోని ముందు, వెనక గోడలకు కుడతారు, కాడను త్రికాస్థి (వెన్ను అడుగు ఎముక) పైఅంచు మీది లిగమెంటుకు, అంటే గట్టి కట్టుకు. బిగించి లాగకూడదు, ఊరికే ఆనితే చాలు. మెష్‌ని పెరిటోనియంతో (పొట్ట లోపలి పలచటి పొర) కప్పి కుట్టాలి, లేకపోతే పేగు అతుక్కోవచ్చు. సూది లోతుగా దిగి వెన్నుపూసల మధ్య ఉండే డిస్క్‌కి తగిలితే ఇన్‌ఫెక్షన్ రావచ్చు. తర్వాత జ్వరంతో నడుంనొప్పి వస్తే ఆలస్యం చేయొద్దు.

జవాబు 2: ఆపరేషన్‌కు ముందే, జారినదాన్ని లోపలికి తోసి దగ్గించి చూడమనండి. చాలామంది వదిలేసే పరీక్ష ఇదే. మూత్రం కారితే దాని సంగతీ అప్పుడే తేల్చుకోవాలి. షుగర్ అదుపులో ఉండాలి, చుట్ట మానాలి.

జవాబు 3: ఆపరేషన్ అయ్యాక ఆరు వారాలు బిందె, గడ్డిమోపు ఎత్తొద్దు. మలబద్ధకం రానీయొద్దు. నెలలు, ఏళ్లు గడిచాకైనా రక్తపుచారలు, వాసనతో తెల్లబట్ట కనిపిస్తే మెష్ బయటపడిందేమో చూపించాలి. కోత వద్దనుకుంటే రింగ్ పెసరీ (జారకుండా ఆపడానికి యోనిలో పెట్టే ఉంగరంలాంటి సాధనం) ఉంది.