హార్డ్ కోర్ లోగో (1996): ఆ ఆఖరి తుపాకీ సినిమాని నిలబెట్టిందా, చెడగొట్టిందా?

ప్రొజెక్టర్‌గది (చర్చ మొదలు)

ముందే చెప్తున్నా, ఇక్కడ ముగింపు దాచడం లేదు. సినిమా చూడనివాళ్లు చూసొచ్చి చదవండి.

తెలియనివాళ్లకి రెండు ముక్కలు. కెనడా దర్శకుడు బ్రూస్ మెక్‌డొనాల్డ్ తీశాడు. మైకేల్ టర్నర్ 1993లో రాసిన నవల ఆధారం, స్క్రీన్‌ప్లే నోయెల్ బేకర్. విడిపోయి ఏళ్లు గడిచిన వాంకూవర్ పంక్ బ్యాండ్ ఒకటి మళ్లీ కలుస్తుంది. తమకి గురువులాంటి బకీ హైట్‌కి తుపాకీ దెబ్బ తగిలిందని గాయకుడు జో డిక్ చెప్పడమే కారణం. బకీ కోసం, తుపాకులకి వ్యతిరేకంగా ఒక సహాయ కచేరీ. ఆ ఊపులో పశ్చిమ కెనడా అంతా టూరు. వెంట ఒక డాక్యుమెంటరీ బృందం. దాని దర్శకుడిగా మెక్‌డొనాల్డే తన పేరుతో కనిపిస్తాడు. తీరా చూస్తే బకీకి ఏ దెబ్బా తగల్లేదు, బ్యాండ్‌ని కలపడానికి జో అల్లిన అబద్ధం అది. గిటారిస్టు బిల్లీ టాలెంట్‌కి లాస్ ఏంజెలెస్ బ్యాండ్ నుంచి పిలుపు. ఎడ్మంటన్‌లో ఆఖరి షో, వేదిక మీదే తన్నులాట. బయటికొచ్చిన జో కెమెరా వాళ్లతో కలిసి మందు తాగి, కెమెరా ముందే కాల్చుకుని చనిపోతాడు.

ఇది కథలోంచి పుట్టిన చావా, ముగింపు దొరక్క తెచ్చి అతికించిన చావా? నా ఓటు రెండోదానికి. నవలలో ఈ చావు లేదు. గంటకి పైగా నవ్వించి, చివరి నిమిషంలో ప్రేక్షకుణ్ణి చెంపదెబ్బ కొట్టడం ధైర్యం కాదు, దొంగదెబ్బ.

---

కత్తెరమేస్త్రి

దొంగదెబ్బ అనేముందు మాక్యుమెంటరీని (డాక్యుమెంటరీలా కనిపించేట్టు తీసిన కల్పిత సినిమాని) ఎలా తూచాలో చూద్దాం. ప్రతి షాట్‌నీ మూడు ప్రశ్నలు అడగాలి. కెమెరా ఎవరి చేతిలో ఉంది? అది అక్కడికి ఎలా వచ్చింది? ఎదుటివాళ్లకి అది ఉందని తెలుసా?

ఇద్దరు మాట్లాడుకుంటున్నారు అనుకోండి. ఒకడి మొహం, వెంటనే రెండోవాడి మొహం, మాట మాత్రం ఎక్కడా తెగలేదు. ఒక్క కెమెరా ఉన్న బృందానికి అది సాధ్యం కాదు. అసలు డాక్యుమెంటరీలో కెమెరామన్ ఒకడి మీదే ఉంటాడు. రెండోవాడు నోరు తెరిచాక, కాస్త ఆలస్యంగా అటు తిరుగుతాడు. ఎవరు ఎప్పుడు మాట్లాడతారో అతనికి ముందు తెలియదు కాబట్టి ఆ ఆలస్యం తప్పదు. ఆ ఆలస్యమే చూసేవాడికి నిజంలా అనిపిస్తుంది. స్క్రిప్టు చదువుకున్న కెమెరామన్ మాట కంటే ముందే తిరిగిపోతాడు. మాక్యుమెంటరీలు ఎక్కువగా పట్టుబడేది అక్కడే.

ఇంకో ఆనవాలు ఫిల్మ్. ఆ రోజుల్లో డాక్యుమెంటరీ వాళ్లు వాడే 16 ఎం.ఎం. కెమెరాలో 400 అడుగుల రీలు సెకనుకి 24 ఫ్రేముల లెక్కన సుమారు 11 నిమిషాలు నడుస్తుంది. అయిపోతే మ్యాగజైన్ (ఫిల్మ్ ఉండే డబ్బా) మార్చాలి. శబ్దం విడి యంత్రంలో రికార్డవుతుంది కాబట్టి, బొమ్మ ఆగినా మాట ఆగదు. తెలిసినవాళ్లు ఆ ఖాళీని కూడా వాడుకుంటారు: నల్ల తెర, వెనక గొంతులు.

ఇప్పుడు ఆఖరి సీన్‌ని అడగండి. కెమెరా బృందం చేతిలో ఉంది, జో దగ్గరికి వాళ్లే వెళ్లారు, వాళ్లున్నారని జోకి తెలుసు, పైగా వాళ్లకీ పోశాడు. మూడింటికీ సమాధానం ఉంది. సినిమా మొత్తంలో ఇంత నికార్సయిన డాక్యుమెంటరీ సీన్లు తక్కువ.

---

నాలుగోతీగ

మేస్త్రి గారూ, పద్ధతి బాగుంది. కానీ సినిమా తన పద్ధతి తనే తప్పింది కదా! బేసిస్టు జాన్ డైరీ అతని గొంతులోనే వినిపిస్తుంది, అది రికార్డు చేసింది ఎవరు? బకీ పొలంలో ఎల్‌ఎస్‌డీ తీసుకున్నాక వచ్చే ఘట్టం, ఆ మేక బలి, అదంతా ఎవరి చూపు? అక్కడ డాక్యుమెంటరీ అనే చొక్కా విప్పేసి, ఆఖర్లో మళ్లీ తొడుక్కుంటే ఎలా నమ్మాలి?

---

కత్తెరమేస్త్రి

@నాలుగోతీగ డైరీ ఉండటం తప్పు కాదండీ, అదే అసలు కీలకం. డాక్యుమెంటరీ అంటే తీసింది మాత్రమే కాదు, తర్వాత కూర్చింది కూడా. జాన్‌ది మానసిక జబ్బు, టూరులో మందులు పోగొట్టుకుంటాడు, రోజురోజుకీ చెదిరిపోతుంటాడు. ఆ డైరీ కెమెరా వాళ్ల చేతికొచ్చింది, అతనితో చదివించారు, దృశ్యాల మీద పరిచారు. ఇదంతా టూరు అయ్యాక ఎడిటింగ్ గదిలో జరిగే పని. అంటే మనం చూస్తున్న ప్రతి జోకునీ ఏరి పెట్టినవాడికి జో చనిపోయాడని అప్పటికే తెలుసు. తెలిసీ నవ్వించాడు.

---

ప్రొజెక్టర్‌గది

అయితే మీరే నా వాదన బలపరిచారు. అంతా తెలిసిన దర్శకుడు ఆ చావుని చివరిదాకా ఎందుకు దాచాడు? అసలు డాక్యుమెంటరీ వాళ్లు అలా చేయరు. గిమ్మీ షెల్టర్ (1970) చూడండి. 1969 డిసెంబర్ 6న ఆల్టమాంట్‌లో రోలింగ్ స్టోన్స్ కచేరీలో మెరిడిత్ హంటర్ అనే యువకుడు కత్తిపోట్లకి చనిపోయాడు, కెమెరాకి దొరికింది. దాని దర్శకులు మేజిల్స్ సోదరులు, షార్లెట్ జ్వెరిన్ ఆ సంగతి మొదట్లోనే బయటపెట్టారు. బ్యాండ్ వాళ్లు ఎడిటింగ్ టేబుల్ దగ్గర కూర్చుని ఫుటేజ్ చూస్తుంటే మనం చూస్తాం. చావు ఉందని తెలిసే పాటలు వింటాం. ఇక్కడేమో తాయిలం దాచినట్టు దాచారు.

---

కత్తెరమేస్త్రి

దాచినవాడు సినిమాలోని దర్శకుడు. మంచివాడని సినిమా ఎప్పుడు చెప్పింది?

---

డౌన్‌స్ట్రోక్

ముగింపు సంగతి కాసేపు పక్కన పెట్టండి. బ్యాండ్ నమ్మబుద్ధి కాకపోతే చావుకి బరువే ఉండదు, కాబట్టి ముందు వాయించడం గురించి మాట్లాడాలి.

జో వేషం వేసిన హ్యూ డిల్లన్ నిజంగానే గాయకుడు, ఒంటారియోలోని కింగ్‌స్టన్ బ్యాండ్ ద హెడ్‌స్టోన్స్‌లో పాడేవాడు. బిల్లీగా కాలమ్ కీత్ రెన్నీది నటన పునాది. ఇలాంటి జతలో మామూలుగా గిటారు దగ్గర గుట్టు రట్టవుతుంది. పంక్ కాబట్టి గట్టెక్కింది. హెవీ మెటల్ సోలో అయితే పది వేళ్లూ కనబడాలి. పంక్‌లో పవర్ కార్డ్ చాలు: చూపుడు వేలితో షడ్జమం, ఉంగరపు వేలితో పంచమం, మూడో స్వరం లేదు. అదే చేతి ఆకారాన్ని గిటారు మెడ మీద పైకీ కిందికీ జరపడమే. ఎడమ చెయ్యి నటించడం నేర్పితే వచ్చేస్తుంది.

కుడి మణికట్టు మాత్రం దొరికిపోతుంది. నిమిషానికి 180 తాళపు దెబ్బల వేగంలో, ఒక్కో దెబ్బకి రెండేసి పడే ఎనిమిదో వంతు స్వరాలన్నీ కిందికే కొట్టాలంటే సెకనుకి ఆరుసార్లు కొట్టాలి. అమెరికా పంక్ బ్యాండ్ రమోన్స్ బాణీ అదే (వాళ్ల గాయకుడు జోయీ రమోన్ ఈ సినిమాలో ఒకసారి కనబడతాడు కూడా). అలవాటు లేని చెయ్యి కాసేపటికే బిగుసుకుపోయి కిందికీ పైకీ కొట్టడం మొదలెడుతుంది, శబ్దం ఒకటి, చెయ్యి ఇంకొకటి అయిపోతాయి. అందుకే ఇలాంటి సీన్లని చిన్న ముక్కలుగా తీసి, మధ్యలో జనాన్నీ డ్రమ్మర్‌నీ పెట్టి కుడతారు.

ప్లేబ్యాక్‌తో, అంటే ముందే రికార్డు చేసిన పాట వినిపిస్తూ తీస్తే, ఇంకో చిక్కు. హాల్లో పెద్ద స్పీకర్ 17 మీటర్ల దూరంలో ఉంటే శబ్దం గాయకుడి దగ్గరికి రావడానికి సెకనులో ఇరవయ్యో వంతు పడుతుంది. 24 ఫ్రేముల సినిమాలో అది ఒక ఫ్రేము కంటే ఎక్కువ. విన్నదాన్ని బట్టి పెదవి కదిపితే ఆ మేరకి వెనకబడుతుంది. చిన్న స్పీకర్‌ని వేదిక మీదే, కాళ్ల దగ్గర, కెమెరాకి కనబడకుండా పెట్టడమే మందు. డ్రమ్స్ పక్కనుండే కంచు తాళాలకి (సింబల్స్‌కి) రబ్బరు అంటించకపోతే వాటి మోత మైకుల్లో పడి, తర్వాత పాటతో కలవదు.

ఈ సినిమా కచేరీల్లో డిల్లన్ మెడ నరాలు చూడండి. ఊపిరి ఎక్కడ తీసుకోవాలో అక్కడే తీసుకుంటాడు. పెదవి మాత్రం కదిపే నటుడికి అది తెలియదు.

---

వ్యాన్‌లెక్కలు

జో ఎందుకు విరిగిపోయాడని అడిగేవాళ్లు ముందు మ్యాపు తీయండి.

వాంకూవర్ నుంచి కాల్గరీ సుమారు 970 కి.మీ., మధ్యలో రాకీ పర్వతాలు. అక్కణ్ణుంచి రెజైనా 760. రెజైనా నుంచి విన్నిపెగ్ 570. ఇక్కడ బండి వెనక్కి తిరుగుతుంది: విన్నిపెగ్ నుంచి సాస్కటూన్ 780 దాకా, ఎడ్మంటన్ ఇంకో 520. మొత్తం 3,600. ఇంటికి చేరాలంటే మరో 1,150 పైనే. పాత వ్యాన్ సామాను లాగుతూ 100 కి.మీ.కి 15 లీటర్లు తాగితే 700 లీటర్లు దాటుతుంది. ఇంత దూరానికి షోలు ఎన్ని? వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. చిన్న క్లబ్బుల్లో ఇచ్చేది ఒప్పుకున్న కనీస మొత్తం, లేదా గేటు వసూళ్లలో వాటా. ఒక్క షో రద్దయితే రెండు ఊళ్ల పెట్రోలు గోవిందా.

మళ్లీ కలిసిన బ్యాండ్లు వేదిక మీద విడిపోవు. ఇలాంటి వ్యాన్లలో, ఎనిమిదో గంటలో విడిపోతాయి. పాటలు అందరికీ గుర్తుంటాయి. ఎవడు ఎవడికి ఎంత బాకీయో కూడా గుర్తుంటుంది. సినిమా ఈ భాగంలో ఒక్క అబద్ధం చెప్పలేదు. బిల్లీకి ఎడ్మంటన్ తర్వాత వెళ్లడానికి లాస్ ఏంజెలెస్ ఉంది. జోకి ఎడ్మంటన్ తర్వాత ఏముంది, ఖాళీ వ్యాను తప్ప? నా మటుకు ముగింపుకి ఇంతకంటే కారణం అక్కర్లేదు.

---

నాలుగోతీగ

@వ్యాన్‌లెక్కలు దారుణంగా అలిసిపోవడం, డబ్బులు లేకపోవడం వేరు, చావు వేరు. ఇంటికెళ్లి పడుకుంటే తీరే అలసట అది. మీ లెక్క ప్రకారం కెనడాలో సగం బ్యాండ్లు మిగలకూడదు.

---

అరిగినక్యాసెట్

నవ్వు గురించి ఎవరూ మాట్లాడరేం? ఈ జాతి సినిమాలకి కొలబద్ద దిస్ ఈజ్ స్పైనల్ ట్యాప్ (1984). రాబ్ రైనర్ తీశాడు, డాక్యుమెంటరీ దర్శకుడి వేషమూ తనే వేశాడు. అందులోనూ చావులున్నాయి, అదీ వరసగా. డ్రమ్మర్లు ఒకడి తర్వాత ఒకడు వింత కారణాలతో పోతుంటారు, మనం పగలబడి నవ్వుతాం. హార్డ్ కోర్ లోగో ఆ జోకుని తీసుకుని, చచ్చినవాణ్ణి మన ముందు పడేసి, ఇప్పుడు నవ్వండి చూద్దాం అంటుంది. అందుకే కామెడీ చూద్దామని వెళ్లినవాళ్లకి కోపం. ఆ కోపం న్యాయమైనదే, కానీ సినిమా గురి కూడా అదే.

(సందర్భం కాదు గానీ: ఆన్విల్ అనే అసలు కెనడా బ్యాండ్ మీద 2008లో వచ్చిన అసలు డాక్యుమెంటరీ చూసి చాలామంది మాక్యుమెంటరీ అనుకున్నారు. ఆ బ్యాండ్ డ్రమ్మర్ పేరు రాబ్ రైనర్. ఎవరూ కల్పించలేదు.)

---

ప్రొజెక్టర్‌గది

@అరిగినక్యాసెట్ గురి తగిలినంత మాత్రాన బాణం మంచిదైపోదు. నా అభ్యంతరం చావు మీద కాదు, తయారీ మీద. జో మొరటువాడు, అబద్ధాలకోరు, బిల్లీ లేకుండా బతకలేనివాడు. ఇవన్నీ చూపించారు. తనకి తాను హాని చేసుకునే మనిషని ఒక్క సూచన ఎక్కడిచ్చారు?

---

కత్తెరమేస్త్రి

తుపాకీ మొదటి పది నిమిషాల్లోనే వచ్చింది కదండీ, అబద్ధంగా. బకీకి తగిలిందన్న తూటా జో ఊహలోది. తన బ్యాండ్ బతకాలంటే ఎవడికో తుపాకీ దెబ్బ తగలాలి అని కథ అల్లినవాడు, ఆ బ్యాండ్ రెండోసారి చచ్చాక అదే కథని తన మీద ప్రయోగించుకున్నాడు. పైగా బకీ ముఖం మీదే ఛీ కొట్టాక (బకీ వేషం వేసిన జూలియన్ రిచింగ్స్ ఆ కోపాన్ని ఎంత తగ్గించి చేశాడో) జోకి మిగిలిన ఒకే ఒక ప్రేక్షకుడు కెమెరా. వేదిక మీద కాకుండా బయట, వాళ్ల ఎదుట కాల్చుకోవడం అందుకే. ఇన్ని చోట్ల కనబడ్డాక కూడా సూచన లేదంటే నేనేం చెప్పను.

---

డౌన్‌స్ట్రోక్

ముగింపు పనిచేసిందనడానికి బయటి సాక్ష్యం ఒకటి. కెనడాలోని మిసిసాగా కుర్రాళ్ల బ్యాండ్ ఒకటి, అంతకుముందు పెజ్ అనే పేరుతో ఉండేది, పేరు మార్చుకోవాల్సి వచ్చినప్పుడు ఈ సినిమా గిటారిస్టు పేరే పెట్టుకుంది: బిల్లీ టాలెంట్, ఇంగ్లిష్ స్పెల్లింగులో ఒక అక్షరం తగ్గించి. జో డిక్ పేరు పెట్టుకోలేదు చూడండి. ఆ ఇద్దరిలో ఎవరు బతికి బయటపడ్డారో వాళ్లకి అర్థమైంది.

---

నాలుగోతీగ

బయటి సాక్ష్యం అంటే రెండో భాగం కూడా చెప్పండి మరి. 2010లో మెక్‌డొనాల్డే తీశాడు. డై మానెక్విన్ అనే బ్యాండ్ గాయని కేర్ ఫెయిల్యూర్‌ని జో డిక్ ఆత్మ పూనిందట, అది కనుక్కోవడానికి ఈ దర్శకుడు మళ్లీ కెమెరా పట్టుకుని బయల్దేరతాడు. చావుని అంత గట్టిగా నమ్మినవాళ్లు దాన్ని దెయ్యం కథ చేస్తారా?

---

అరిగినక్యాసెట్

రెండో భాగాన్ని ఈ చర్చలోకి తేవద్దు, పుణ్యముంటుంది.

---

ప్రొజెక్టర్‌గది

ఒక్క ఆచరణ ప్రశ్న, మేస్త్రి గారు తప్పించుకోకుండా చెప్పాలి. ఆల్టమాంట్ ఫుటేజ్‌ని కోర్టులో జ్యూరీకి చూపించారు, నిందితుడు ఆత్మరక్షణ అని బయటపడ్డాడు. అంటే చావు పడ్డ రీలు ఎడిటింగ్ గదికే కాదు, కోర్టుకీ వెళ్తుంది. మీరన్నట్టు ఇది నికార్సయిన డాక్యుమెంటరీ అయితే, ఆ రాత్రి తర్వాత రీలు ఎక్కడికెళ్లింది, వెనక్కి ఎలా వచ్చింది, జో తరఫు వాళ్లలో వెయ్యమని ఒప్పుకున్నదెవరు? మీ మూడు ప్రశ్నల పక్కన ఈ నాలుగోది పెట్టి చూడండి.

---

కత్తెరమేస్త్రి

నాలుగోదానికి సినిమాలో జవాబు లేదు. మొదటి మూడింటి మీద నా మాట మారదు.