మా శివారుకు లోకల్ రైలు: స్టేషన్లు ఎక్కువ కావాలని పట్టుబట్టాలా?

ప్రశ్న:
మా వైపు ఉన్న పాత గూడ్సు లైను మీదే లోకల్ రైళ్లు నడపాలని ప్రతిపాదన వచ్చింది. 28 కిలోమీటర్లు, సింగిల్ లైను, 9 స్టేషన్లు. 20 నిమిషాలకో బండి, చివర్నుంచి చివరికి 36 నిమిషాలు అని రాశారు. మూడో స్టేషన్‌లో, ఆరో స్టేషన్‌లో లూపులట, అంటే ఎదురు బండ్లు ఒకదాన్నొకటి దాటుకునే పక్క ట్రాకులు. కాలనీ సంఘాలన్నీ కలిసి 14 స్టేషన్లు కావాలని అర్జీ పెడుతున్నాయి. రాసే పని నా నెత్తిన పడింది. మా కాలనీ సరిగ్గా నాలుగుకీ అయిదుకీ మధ్యన ఉంది, ఎటు పోయినా నడక ఎక్కువే. నేను అకౌంటెంటుని, రైలు గురించి నాకు తెలిసింది ఎక్కడం, దిగడం. గడువు మూడు వారాలే. అర్జీలో ఏం అడగాలి?

జవాబు 1:
ఆలోచించేదేముందండీ, 14 అడగండి. మనం 14 అంటేనే వాళ్లు 11 ఇస్తారు. బేరం ఎక్కడైనా బేరమే.

జవాబు 2:
ఇది బేరాల వ్యవహారం కాదండీ. నేను ముప్పై ఏళ్లు రైల్వే కంట్రోల్ ఆఫీసులో బండ్ల రాకపోకల చార్టులు గీసి రిటైరైనవాణ్ణి. బండి ఆగడమంటే తలుపులు తెరిచి ఉంచే అర నిమిషం ఒక్కటే కాదు. వంద స్పీడులో వచ్చే బండి బ్రేకు వేసి, ఆగి, మళ్లీ వంద అందుకునేసరికి మంచి ఎలక్ట్రిక్ లోకల్‌కైనా నిమిషం పైనే నష్టం. ఇంజను తగిలించిన బోగీల బండైతే దాదాపు రెండు నిమిషాలు.

అది సరే, మీరు రాసినదాంట్లో నన్ను పట్టి ఆపింది లూపుల లెక్క. 8 అంతరాలకు 36 నిమిషాలంటే ఒక్కోదానికి నాలుగున్నర. మూడు నుంచి ఆరుకు పదమూడున్నర. సింగిల్ లైను కాబట్టి ఆ ముక్క మీద ఒక బండి వెళ్లిపోయాకే ఎదురు బండిని వదలాలి. పోనూ రానూ 27 నిమిషాలు. 20 నిమిషాలకో బండి ఎక్కడ పడుతుంది?

ఒక గ్రాఫు కాగితం తీసుకోండి. అడ్డంగా టైము, నిలువుగా స్టేషన్లు. బండికో గీత. లోకల్ గీత నిటారుగా లేస్తుంది, గూడ్సు గీత వాలిపోయి ఉంటుంది. ఎదురు బండ్ల గీతలు కోసుకున్న ప్రతిచోటా లూపు ఉండి తీరాలి. లేకపోతే అది టైమ్‌టేబుల్ కాదు, కోరిక. స్విట్జర్లాండ్‌లో 1987లో ఓటింగు పెట్టి ఆమోదించుకున్న బాన్ 2000 అనే రైల్వే పథకం ఈ దారిలోనే నడిచింది: ఏ బండి ఎక్కడ ఎన్నింటికి కలవాలో ముందు తేల్చుకుని, ట్రాకు ఎక్కడ కావాలో తర్వాత చూశారు. మనవాళ్లు ట్రాకు వేశాక బండ్లను ఇరికిస్తారు.

జవాబు 3:
గేటు సంగతి మర్చిపోకండి. మా ఇల్లు ఒక రైల్వే గేటు పక్కనే. అటు మూడు, ఇటు మూడు, గంటకు ఆరు బండ్లు. ఒక్కోదానికి నాలుగు నిమిషాలు మూసినా గంటలో 24 నిమిషాలు గేటు పడే ఉంటుంది. జనాన్ని స్టేషన్‌కు చేర్చే బస్సు కూడా ఆ గేటు ముందే ఆగి ఉంటుంది మరి. జపాన్‌లో 2005లో మొదలైన త్సుకుబా ఎక్స్‌ప్రెస్ 58.3 కిలోమీటర్ల దారిలో ఒక్క గేటు కూడా లేదు. అది కొత్తగా వేసిన లైను, మీది పాతది, నిజమే. కనీసం రద్దీ గేట్ల దగ్గర అండర్‌పాస్ అడగండి. ప్లాట్‌ఫారాలు పొడిగించుకోవడానికి స్థలం కూడా. ఆ త్సుకుబా లైను 6 పెట్టెలతో మొదలై ఇప్పుడు 8 పెట్టెల కోసం ప్లాట్‌ఫారాలు పెంచుకుంటోంది.

ప్రశ్న అడిగినవారు:
నిన్న రాత్రి గీశానండీ. మా పాప స్కూలు గ్రాఫు పుస్తకంలో మూడు పేజీలు పాడయ్యాయి. కంట్రోల్ ఆఫీసువారు చెప్పింది నిజమే, 20 నిమిషాలు పడట్లేదు. లూపులు 3, 5, 7లో పెట్టి చూశాను. మధ్యలో 9 నిమిషాలే, పోనూ రానూ 18, సిగ్నళ్లకు 2 మిగిలాయి. పట్టేసింది!

ఆ ఉత్సాహంలో నాలుగుకీ అయిదుకీ మధ్య మా కాలనీ స్టేషన్ పెట్టాను. 9 కాస్తా 10 దాటింది, పోనూ రానూ 20 మించిపోయింది. చార్టంతా చెడింది. రబ్బరుతో చెరిపేశాను. అర్జీలో ఇప్పుడు మొదటి కోరిక మూడు లూపులు. మా కాలనీకి అయిదో స్టేషన్ దాకా బండి టైముకి అందే బస్సు చాలని రాశాను. మా సంఘం అధ్యక్షుడుగారికి ఇదెలా చెప్పాలన్నదే టెన్షన్. ఆయన స్టేషన్‌కు పేరు కూడా అనుకుని ఉన్నారు.

జవాబు 2:
మీరేం చెప్పకండి. ఆ పుస్తకం, పెన్సిలు ఆయన చేతిలో పెట్టి స్టేషన్ ఆయన్నే పెట్టమనండి. రబ్బరు మాత్రం మీ దగ్గర ఉంచుకోండి.