ఒక్క పంపు వెనకాల పాతికేళ్ళా? పాపను పంపొచ్చా, వద్దా

రేణిగుంట_జంక్షన్:
అందరికీ నమస్కారం. మా పాప తిరుపతిలో ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ చివరి సెమిస్టర్‌లో ఉంది. హైదరాబాద్‌లో ఒక మందుల కంపెనీలో క్వాలిటీ కంట్రోల్ ఉద్యోగం వచ్చింది, బెంగళూరులో పిహెచ్‌డి సీటు కూడా వచ్చింది. పిహెచ్‌డి దేని మీద అంటే కణం పొరలో ఉండే అయాన్ పంపుల నిర్మాణం అంట. నాకు తెలిసిన పంపు మా బోరు మోటారు ఒక్కటే. రాత్రి అన్నం తింటూ తొయోషిమా అనే జపాన్ ఆయన గురించి చెప్పింది. కండరంలో కాల్షియం తోడే పంపును ఆయన 1993లో 14 ఆంగ్‌స్ట్రామ్‌ల దాకా చూశాడంట, 1998లో 8, 2000లో 2.6. ఆంగ్‌స్ట్రామ్ అంటే సెంటీమీటరులో పది కోట్లో వంతు. "ఒక్క బొమ్మ తేటపడడానికి ఏడేళ్ళు నాన్నా, ఆ తర్వాత కూడా ఆయన దాన్ని వదల్లేదు" అని సంబరంగా చెప్తోంది. నాకు బీపీ వచ్చింది. ఒకే ప్రొటీన్‌కి జీవితం రాసిచ్చేయడం ఎంతవరకు సబబు? తెలిసినవాళ్ళు చెప్పండి.

గాలిగోపురం_మెట్లు:
పంపండి సార్, రెండో ఆలోచన వద్దు. ఇరవై రెండేళ్ళుగా డిగ్రీ పిల్లలకి ఈ పాఠమే చెప్తున్నా. అట్లాంటి పంపు ఎట్లా పనిచేస్తుందో మన ఊరివాళ్ళకి చెప్పడం చాలా సులువు. కొండ మీద క్యూ కాంప్లెక్స్‌లో కంపార్ట్‌మెంట్ ఉందా, వెనక గేటు తీస్తారు, జనం నిండుతారు, తాళం వేస్తారు, ఆ తర్వాతే ముందు గేటు తీస్తారు. రెండు గేట్లూ ఒకేసారి తీస్తే ఏమవుతుందో మీకు తెలుసు. ఆ పంపుల్లో ఒకటైన సోడియం పంపు చేసేది అదే, ఒకవైపు మూసుకున్నాకే రెండోవైపు తెరుచుకుంటుంది. కణానికి ఇంధనం లాంటిది ఏటీపీ అనే అణువు, ఒక్కో ఏటీపీ ఖర్చుకి 3 సోడియం అయాన్లు బయటికి, 2 పొటాషియం అయాన్లు లోపలికి. మనం ఊరికే కూర్చున్నా ఒంట్లో ఖర్చయ్యే శక్తిలో దాదాపు ఐదో వంతు ఇదే తినేస్తుంది. దీన్ని కనిపెట్టిన స్కౌ డెన్మార్క్ డాక్టరు, సర్జరీ చేసేవాడు. మత్తు ఇంజెక్షన్ నరం మీద ఎట్లా పనిచేస్తుందో తెలుసుకుందామని మొదలుపెట్టి, పీతల కాళ్ళ నరాల్లో ఈ పంపు పట్టుకున్నాడు. పేపర్ 1957లో, నోబెల్ 1997లో. అప్పటికి ఆయనకి 79.

పలమనేరు_టమాటా:
నలభై ఏళ్ళు ఆగితే నోబెల్ అంట. ఆగినవాళ్ళందరికీ వచ్చిందా అన్నా? నేను ఫార్మా లైన్‌లోనే ఉన్నాను కాబట్టి ఒక్కటి అడుగుతా. గుండెకి వాడే డిజిటాలిస్ గురించి విథరింగ్ అనే ఇంగ్లీషు డాక్టరు 1785లోనే రాశాడు, అది ఆపేది ఈ సోడియం పంపునే. గ్యాస్ మాత్ర ఓమెప్రజోల్ 1988 నుంచి మార్కెట్‌లో ఉంది, అది ఆపేది కడుపులో యాసిడ్ తోడే పంపును. ఆ కడుపు పంపు అణువు అణువు కనపడే బొమ్మ ఎప్పుడొచ్చింది? 2018. మందు ముందు వచ్చింది, ఫోటో తర్వాత వచ్చింది. ఇక ఆ ఫోటో కోసం పిల్ల యవ్వనం ఎందుకు?

చిత్తూరు_తోతాపురి:
స్టైపెండ్ ఎంత వస్తుంది?

గాలిగోపురం_మెట్లు:
@చిత్తూరు_తోతాపురి నెట్ పరీక్ష పాసై ఉంటే జేఆర్ఎఫ్ (జూనియర్ ఫెలోషిప్) నెలకి 37,000, తర్వాత ఎస్ఆర్ఎఫ్ (సీనియర్ ఫెలోషిప్) 42,000. 2023లో పెంచారు.

పలమనేరు_టమాటా:
పెంచారు సరే, నెలనెలా పడుతుందా అని కూడా చెప్పండి.

భీమవరం_అల్లుడు:
అసలు ఆ ఏటీపీని కనిపెట్టిందే మన యల్లాప్రగడ సుబ్బారావు గారు, 1929లో. తెలుగువాడు కనిపెట్టిన డీజిల్‌తో నడిచే పంపు మీద తెలుగుపిల్ల పరిశోధన చేయకూడదా?

తిరుచానూరు_పద్దు:
ఒక్కరే కాదండీ. హార్వర్డ్‌లో ఫిస్క్, సుబ్బారావు కలిసి, అదే ఏడాది జర్మనీలో లోమాన్ విడిగా. సగం చెప్పకండి.

భీమవరం_అల్లుడు:
మనవాళ్ళని మనమే తగ్గించుకోవడం మనకి అలవాటే కదా.

తిరుచానూరు_పద్దు:
తగ్గించలేదు, లెక్క చెప్పా.

సప్తగిరి_ఎక్స్‌ప్రెస్:
క్యూ కాంప్లెక్స్ పోలిక నాకు నచ్చలేదు. అక్కడ జనం ఒకే దిక్కు పోతారు. దర్శనం అయినోళ్ళు అదే కంపార్ట్‌మెంట్‌లోంచి వెనక్కి వస్తారా? బస్సు అనండి. ముగ్గురు దిగుతారు, ఇద్దరు ఎక్కుతారు, ఒక టికెట్ చిరుగుతుంది.

గాలిగోపురం_మెట్లు:
బస్సుకి రెండు తలుపులూ ఒకేసారి తీసినా ఏమీ కాదు. ఇక్కడ అసలు సంగతే గేట్లు. క్లాసులో ఈ పోలిక చెప్పినప్పుడు ఒక్క పిల్లాడు కూడా అభ్యంతరం పెట్టలేదు.

సప్తగిరి_ఎక్స్‌ప్రెస్:
మార్కులు మీ చేతిలో ఉన్నాయి కదా సార్ 😄

చంద్రగిరి_కోట:
మా అమ్మ నాలుగేళ్ళు డిజాక్సిన్ వాడింది, ఆ డిజిటాలిస్ రకం మందే. వాంతులు, అన్నం సయించదు, ఒకరోజు ట్యూబులైటు చుట్టూ పసుపు కనపడుతోంది అంది. మేము కామెర్లు అనుకొని నాటు మందు కోసం తిరిగాం. తర్వాత ఒక డాక్టరమ్మ పొటాషియం టెస్ట్ చేయించి, పొటాషియం తగ్గితే ఈ మందు ఆ పంపుని ఇంకా గట్టిగా పట్టుకుంటుందమ్మా అని కాగితం మీద బొమ్మ గీసి చూపించింది. మందు 1785 నుంచి ఉండొచ్చు బ్రదర్, ఎక్కడ పట్టుకుంటుందో తెలిసినావిడ దొరికేదాకా మా అమ్మకి అది విషమే అయింది.

పలమనేరు_టమాటా:
అమ్మగారి విషయం బాధగా ఉంది అక్కా. కానీ పొటాషియం తగ్గితే ప్రమాదమని ప్రొటీన్‌ని క్రిస్టల్ కట్టించి ఎక్స్‌రేతో తీసే ఈ బొమ్మలు రాకముందే డాక్టర్లకి తెలుసు. నా మాట అదే, బొమ్మ తర్వాతే వచ్చింది.

గాలిగోపురం_మెట్లు:
బొమ్మ తర్వాత, బొమ్మ తర్వాత. ఇంకేమైనా ఉందా తమ్ముడూ? ఆ కాల్షియం పంపులో 994 అమైనో ఆమ్లాలు, పొరలో పది మెలికలు. ఏటీపీ అంటుకునే చోటికీ కాల్షియం కూర్చునే చోటికీ మధ్య చాలా దూరం ఉంది. ఇక్కడ కట్టె విరిస్తే అక్కడ గేటు ఎట్లా తెరుచుకుంటుందో 2000, 2002 బొమ్మలు పక్కపక్కన పెట్టి చూసేదాకా ఎవరికీ అర్థం కాలేదు. 2007లో సోడియం పంపు బొమ్మ కూడా వచ్చింది, పంది మూత్రపిండం నుంచి తీసింది, అదీ స్కౌ ఊరు ఆర్హస్‌లోనే, ఆయన బతికుండగానే. యాభై ఏళ్ళ తర్వాత. మందుల షాపులో అమ్ముడుపోతేనే విద్యా? మీలాంటివాళ్ళ వల్లే మన పిల్లలు క్వాలిటీ కంట్రోల్‌లో సంతకాలు పెట్టుకుంటూ మిగిలిపోతున్నారు.

పలమనేరు_టమాటా:
ఆ సంతకాలు పెట్టేది నేనే సార్.

చెప్తాను వినండి. నేనూ ఒక మెంబ్రేన్ ప్రొటీన్, అంటే కణం పొరలో ఉండే ప్రొటీన్ మీదే ఆరేళ్ళు చేశా. ఏ ఊరో, ఎవరి దగ్గరో చెప్పను. నాలుగు డిగ్రీల చలి గదిలో స్వెటర్ వేసుకొని రాత్రి రెండింటికి ప్రొటీన్ శుద్ధి చేసే కాలమ్ ముందు కూర్చునేవాడిని. పొరలోంచి ప్రొటీన్ తీయడమంటే పెనానికి అంటుకున్న దోసె లేపినట్టు, నూనె ఎక్కువైతే చెదిరిపోతుంది, తక్కువైతే రాదు. ఆ నూనె డిటర్జెంట్. ఐదో ఏట క్రిస్టల్ వచ్చింది. సూదిమొనంత. మైక్రోస్కోపులో చూసి ఏడ్చాను. ఎక్స్‌రేలో పెడితే అది ఉప్పు. ప్రొటీన్ ఉంచే బఫర్ ద్రావణంలోని ఉప్పు క్రిస్టల్ కట్టింది. ఏడాది తిరక్కుండా బయటి దేశం ల్యాబ్ ఒకటి అదే ప్రొటీన్ బొమ్మ వేసేసింది. గైడ్ ఇంకో ప్రాజెక్ట్ మొదలుపెట్టుకున్నారు, ఆయనకి ఉద్యోగం ఉంది. నాకు 31 ఏళ్ళు వచ్చాయి, స్టైపెండ్ ఆగిపోయింది, మా నాయన ఎకరం పొలం తాకట్టులో ఉంది. మీకు 1వ తారీఖున జీతం పడుతుంది కాబట్టి స్కౌ కథలు బాగానే ఉంటాయి.

చిత్తూరు_తోతాపురి:
🙏

గాలిగోపురం_మెట్లు:
అయితే ఈ మాట మొదటి పోస్టులోనే చెప్పాల్సింది కదయ్యా. మందు ముందా ఫోటో ముందా అని రెండు రోజులు నా బుర్ర తిన్నావు.

పలమనేరు_టమాటా:
మందు ముందే. అది అబద్ధం కాదు.

గాలిగోపురం_మెట్లు:
కాదనలేదు. నేను అన్నది కూడా అబద్ధం కాదు. నీ గొడవ పంపుతో కాదు, ఓడిపోయినప్పుడు బిల్లు ఎవరు కట్టాలి అన్నదానితో. దానికి నా దగ్గర జవాబు లేదు. నేను అసలు పోనే లేదు, ఇంట్లో ఇద్దరు చెల్లెళ్ళ పెళ్ళిళ్ళు. సంతకాల మాట అనకుండా ఉండాల్సింది.

సప్తగిరి_ఎక్స్‌ప్రెస్:
బస్సు పోలికే కరెక్ట్ అని మాత్రం ఒప్పుకోండి సార్.

రేణిగుంట_జంక్షన్:
అందరికీ థాంక్స్. పాప మొత్తం చదివింది. జవాబు నాకు కాదు, పలమనేరు అన్నకి అంట, తనే టైప్ చేస్తోంది:
"అన్నా, మీరు ఏ డిటర్జెంట్ వాడారు? క్రిస్టల్‌కి ముందు కొవ్వు మొత్తం తీసేశారా?"

పలమనేరు_టమాటా:
డీడీఎం అమ్మా. అవును, మొత్తం తీసేశాం, ఎంత శుభ్రంగా ఉంటే అంత మంచిది అనుకున్నాం. తొయోషిమా వాళ్ళు కాల్షియం పంపుకి వాడింది సి12ఈ8, పైగా కొవ్వు బయటి నుంచి తెచ్చి మళ్ళీ కలిపారు. ఆ పేపర్ నేను మూడో ఏటే చదివాను, ఆ లైను మీద నుంచే దాటిపోయాను. నా నోట్‌బుక్కులు నాలుగు అటక మీద ఉన్నాయి, ఎలుకలు కొట్టకపోతే. ఆదివారం దించి చూసి చెప్తా. ఏ కాలమ్, ఎంత ఉప్పు, అన్నీ రాసుంటాయి.