బాందోల్ వైన్‌ది చేదా, వగరా? శ్రీనాథుడి ‘చన్నుల చేదు’ సంగతేంటి?

నల్లరేగడి: దక్షిణ ఫ్రాన్స్‌లో మార్సేయ్, తూలోన్‌ల మధ్య తీరంలో తయారయ్యే బాందోల్ ఎర్ర వైన్ మీద వ్యాసం రాస్తున్నాను. వాసనల వరకు ఇబ్బంది లేదు: బ్లాక్‌బెర్రీ, మిరియం, తోలు, అక్కడి గుట్టల మీద పెరిగే తైమ్, రోజ్‌మేరీ. గుటక వేశాక నాలుకనీ చిగుళ్ళనీ పట్టేసే గుణం దగ్గరే ఆగిపోయాను. ‘చేదు’ అని రాశాను. అప్పట్నుంచీ శ్రీనాథుడి చాటువు ఒకటి వెంటాడుతోంది, ‘పూతన చన్నుల చేదు ద్రావి’ అని. అక్కడి చేదు రుచేనా? తర్వాత ఏదో చిగురు, బచ్చలి వస్తాయి. ఎవరికైనా గుర్తుందా?

సీతమ్మధార: ‘తింత్రిణీ పల్లవయుక్తమౌ నుడుకు బచ్చలి శాకము జొన్నకూటితో’. చింతచిగురండీ. ఇక చేదంటే అక్కడ విషమే, పూతన ఇచ్చింది అదేగా.

కందిచేను: నేను నేర్చుకున్నది ‘చన్ను విషంబు ద్రావి’. ఉత్పలమాల గణాలకు రెండూ సరిపోతాయి. పద్యం మొదట ‘ఫుల్లసరోజనేత్ర’లోని ‘ఫు’కీ, ‘పూతన’లోని ‘పూ’కీ యతి అంతకుముందే కుదిరిపోయింది కాబట్టి ఛందస్సుతో తేలదు.

సీతమ్మధార: ఛందస్సుతో తేలకపోతే భావంతో తేలుతుంది. చేదు తాగావు, దవాగ్ని మింగావు, ఈ ముద్ద ఒక్కటి మింగు చూద్దాం అని కృష్ణుడికి సవాలు. మొదట్నుంచీ చివరిదాకా నోటి పద్యం అది. ‘విషంబు’ అనగానే నాలుక పక్కకు పోతుంది. ‘చేదు’లో రుచీ ఉంది, విషమూ ఉంది.

తూలోన్ తెలుగు: నల్లరేగడి గారూ, మీ వైన్‌ది వగరు. ఎర్ర బాందోల్‌లో కనీసం సగం మూర్వెద్ర్ ద్రాక్ష ఉండాలి. దళసరి తొక్క, ఆలస్యంగా పండుతుంది. మొహం ఎండలో, కాళ్ళు నీళ్ళలో ఉండాలంటారు ఆ తీగకి. వగరునిచ్చే టానిన్ అనే పదార్థం ఆ తొక్క నుంచీ గింజల నుంచీ దిగి, లాలాజలంలోని ప్రొటీన్‌ని పట్టేసి నోట్లో జారుడు లేకుండా చేస్తుంది. నేరేడుపళ్ళు తిన్నాక నాలుక పిడచగట్టినట్టు ఉంటుంది చూడండి, అలా. ఈమధ్య మా పక్కింటావిడ దోబ్ పెట్టారు. గొడ్డుమాంసాన్ని కమలాతొక్క, తైమ్ వేసిన ఎర్ర వైన్‌లో రాత్రంతా నానబెట్టి, మర్నాడు సన్నసెగ మీద గంటలకొద్దీ ఉడికించారు. ఉత్తి వైన్ తాగితే నోరు పట్టేసింది. కొవ్వున్న ముక్క నమిలాక అదే వైన్ మెత్తబడి పండు రుచి పైకొచ్చింది. చేదు ఇలా లొంగగా నేను చూడలేదు.

కందిచేను: వగరు కాదండీ, ఒగరు. కన్నడంలోనూ ఒగరే.

నల్లరేగడి: మా కర్నూలు వైపు కూడా ఒగరే అంటాం. వ్యాసంలో ఏది రాయమంటారు?

సీతమ్మధార: రెండూ ఉన్న మాటలే. ‘వొగరు’ అని మాత్రం రాయకండి. తెలుగు మాట మొదట వొకారం ఉండదని చిన్నయసూరి ఎప్పుడో తేల్చాడు.

పాత అటక: అందరూ వైన్‌లో పడి శ్రీనాథుణ్ణి వదిలేశారు. జొన్నకూడు గరుకు, బచ్చలి జారుడు, చింతచిగురు పులుపు. ఆ మూడూ ఒక్క ముద్దలో కలిపినవాడికి ఏది దేనికి జోడో తెలుసు. కాశీఖండం రాసినవాడు పలనాటి తిండిని తిట్టాడని అందరూ నవ్వుకుంటారు గానీ, ఆ కూర చింతచిగురుతో తప్ప జొన్నకూటితో దిగదు. తిట్టులో కూడా వంట తప్పలేదు.

తూలోన్ తెలుగు: బాగా చెప్పారు. ఇక్కడా అంతే, పులుపు, కొవ్వు, వగరు ఒకదాన్నొకటి మోస్తాయి. ఇంకో మాట. ఎర్ర బాందోల్‌ని కనీసం 18 నెలలు కొయ్యపీపాల్లో ఉంచాలి. పదేళ్ళ సీసాలో వగరు తగ్గి తోలు వాసన ముందుకొస్తుంది. అందుకని వ్యాసంలో సీసా వయసు రాయండి. బాందోల్‌లో ఎక్కువగా చేసేది ‘రోజే’ అనే లేత గులాబీరంగు వైన్. దాంట్లో వగరు చాలా తక్కువ, చేపల పులుసు లాంటి బూయబేస్‌తో అదే తాగుతారు.

సీతమ్మధార: అన్నట్టు ‘ఉడుకు బచ్చలి’ అంటే ఉడికించిన బచ్చలి అనుకుంటున్నారా ఎవరైనా? ఉడుకంటే వేడి. చల్లారిన కూటితో వేడి కూర.

కందిచేను: వేడి అయితే ‘మెల్లన నొక్క ముద్ద’ ఎందుకన్నాడో అర్థమవుతుంది, నోరు కాలకుండా. కానీ ‘మెల్లన’కి గొంతు దిగదు కాబట్టి అని నేను ఎప్పుడూ చెప్పుకునే అర్థం. పాత అటక గారూ, మీరేమంటారు?