40 కుర్చీలకి నాలుగు బిల్లులు పెట్టమంటున్నారు

ప్రశ్న: సర్, మాది కేంద్ర ప్రభుత్వ ఆఫీసు. నన్ను కొత్తగా స్టోర్స్ సెక్షన్‌లో వేశారు. 40 కుర్చీలు కొనాలి, అన్నీ ఒకే రకం. "నాలుగు బిల్లులు పెట్టించు, ఒక్కోటి చిన్న మొత్తమైతే కొటేషన్ల గొడవుండదు" అంటున్నారు మా సూపరింటెండెంట్ గారు. సంతకం నాది!

జవాబు 1: పెట్టకు తమ్ముడూ. జీఎఫ్ఆర్ 2017 (కేంద్ర ప్రభుత్వ ఆర్థిక నియమావళి), రూల్ 157 తీసి చదువు. ప్రభుత్వ ఆన్‌లైన్ కొనుగోళ్ల పోర్టల్ జెమ్‌లో బిడ్డింగ్ తప్పించుకోవడానికో, పై అధికారి మంజూరు అక్కర్లేకుండా చేసుకోవడానికో ఒకే అవసరాన్ని చిన్న చిన్న కొనుగోళ్లుగా ముక్కలు చేయకూడదు. చూసేది బిల్లు విలువ కాదు, మొత్తం అవసరం విలువ. ఆడిట్‌లో చేసి రిటైరయ్యాను. ఒకే షాపు, వరుస నంబర్లు, ఒకే తేదీ కనిపిస్తే చాలు, ఆడిట్ రిపోర్టులో అభ్యంతరంగా ఒక పేరా రాసేవాళ్లం.

జవాబు 2: రాష్ట్ర ఆఫీసులవాళ్లు మాత్రం జీఎఫ్ఆర్ కాదు, తమ ఫైనాన్షియల్ కోడ్, జీవోలు చూసుకోవాలి.

ప్రశ్నించినవారు: జూన్‌లో పది కుర్చీలు కొన్నాం. అవీ కలుపుతారా?

జవాబు 1: అప్పటికి ఈ 40 సంగతి నిజంగా తెలియకపోతే తప్పు పట్టరు. ఆ మాట ఫైల్లో రాసిపెట్టు. సూపరింటెండెంట్ గారిని కూడా నోటిమాట కాకుండా నోట్‌షీట్ మీద రాసిమ్మను.