ఈసారి బేస్‌బాల్లో ఎవరి పేరు రాయాలి? మార్చి మ్యాచ్‌లు చూసి నమ్మొచ్చా?

పర్లాకిమిడి నైట్‌షిఫ్ట్:

అందరికీ నమస్కారం. నాది పర్లాకిమిడి. అమెరికా ఇన్సూరెన్స్ క్లెయిముల పని, ఇంట్లోంచే చేస్తాను కాబట్టి రాత్రంతా మెలకువే. అక్కా బావా సియాటిల్‌లో ఉంటారు. మా బావకి అక్కడి బేస్‌బాల్ జట్టు మారినర్స్ అంటే ప్రాణం. నిరుడు అక్టోబరులో సెమీఫైనల్ లాంటి సిరీస్ ఏడో మ్యాచ్‌లో టొరంటో చేతిలో 4-3తో ఓడిపోయాక ఎన్నిసార్లు చేసినా ఫోనెత్తలేదు. అక్కని అడిగితే “పడుకున్నారు” అనేది, పట్టపగలు.

ఈసారి నన్నూ ఇందులోకి లాగాడు. 2026 సీజన్ మొదలయ్యేలోపు ఆరు డివిజన్లలో (ముప్పై జట్లని రెండు లీగులుగా, ఒక్కో లీగుని మూడు గుంపులుగా పంచారు) ఎవరు పైన నిలుస్తారో, హోమ్ రన్లు (మన సిక్సర్ల లాంటివి) ఎక్కువ ఎవరు కొడతారో, ఒక్కో లీగులో మేటి పిచ్చర్‌కి, అంటే బంతి వేసేవాడికి, ఇచ్చే సై యంగ్ అవార్డు ఎవరికి వస్తుందో కాగితం మీద రాసి, సంతకం పెట్టి, ఫొటో పంపాలి. ఓడినవాళ్ళు సంక్రాంతికి ఇంటిల్లిపాదికీ బట్టలు పెట్టాలి. డబ్బు పందెం కాదు గానీ, మా ఇంట్లో తలలు లెక్కపెడితే డబ్బు పందెమే చవకేమో.

నాకు తెలిసింది తక్కువ. లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ 2024లో కప్పు గెలిచారు, 2025లో మళ్ళీ గెలిచారు. అది చాలదన్నట్టు ఇప్పుడు బ్యాటర్ కైల్ టకర్‌ని 4 ఏళ్ళకి 24 కోట్ల డాలర్లిచ్చి తెచ్చుకున్నారు. మరి కళ్ళు మూసుకుని వాళ్ళ పేరు రాసేస్తే పోదా?

ఇంకొకటి. ఇప్పుడు అరిజోనాలో, ఫ్లోరిడాలో సీజన్‌కి ముందు మ్యాచ్‌లు నడుస్తున్నాయి కదా, రోజూ స్కోర్లు చూస్తున్నాను. ఎవరెవరో తొంభైల్లో నంబరు చొక్కాలేసుకుని చితక్కొడుతున్నారు. పేర్లు వెతికితే ఎక్కడా లేవు. ఒకరోజు 12 పరుగులు చేసిన జట్టు మర్నాడు ఒకటే చేస్తోంది. వీటిని బట్టి ఏమైనా తెలుస్తుందా?

జయపురం జాంపండు:

ఐపీఎల్ అడుగు బాబాయ్, నిద్రలో లేపినా చెప్తా. ఈ ఆటలో బంతిని అంత దూరం కొట్టి కూడా మళ్ళీ పరుగెత్తుతారు, అదే నాకు అర్థం కాదు. బట్టల సంగతికొస్తే మా ఊళ్ళో కొనకు, బరంపురం వెళ్ళి పట్టుచీరలు చూసుకో. నేను కూర్చుని చదువుతా, చెప్పేవాళ్ళు చెప్పండి.

గుణుపురం టిఫిన్:

తమ్ముడూ, నాది గుణుపురంలో టిఫిను కొట్టు. అంతకుముందు ఓడల్లో వంట చేసేవోణ్ణి. మా సెకండ్ ఇంజనీరు జపానాయన. ఆయన పక్కన కూకోబెట్టుకుని నేర్పాడు ఈ ఆట. ఓడ వదిలేశాను గానీ ఇది వదల్లేదు. న్యూయార్క్‌లో రాత్రి ఏడింటికి మొదలెడితే మనకి తెల్లారగట్ల నాలుగున్నర. నా మొదటి ఇడ్లీ వాయ దిగేదీ అప్పుడే. ఫోను పంచదార డబ్బాకి ఆనించి పెడతాను. మూత తీసినపుడల్లా ఆవిరికి తెర మసకేసిపోతాది, భుజం మీద తువ్వాలుతో తుడిచేసరికి ఎవడో ఒకడు ఔటైపోయుంటాడు. కాలిఫోర్నియా మ్యాచ్‌లు పొద్దున్న ఏడూ ఏడున్నర దాటాక మొదలవుతాయి. అప్పుడు గిరాకీ, చూడ్డానికి కుదరదు. అందుకే డాడ్జర్స్ ఒహ్‌తానీ ఆటకంటే న్యూయార్క్ యాంకీస్ జడ్జ్ ఆట నాకు బాగా తెలుసు.

ముందు మార్చి సంగతి. ఆ స్కోర్లు చూడ్డం మానెయ్. మొదటి అట్టు పెనానికే అంటారే, అదీ మార్చి. పేరున్నోళ్ళు తొమ్మిదిలో రెండు మూడు ఇన్నింగ్స్ ఆడి స్నానానికి ఎల్పోతారు. ఆ తర్వాత దిగే తొంభై నంబరు కుర్రాళ్ళలో చాలామంది ఏప్రిల్‌కి కింది లీగుల బస్సెక్కుతారు. పిచ్చర్లు కూడా అంతే. మొదట్లో ఒకటో రెండో ఇన్నింగ్స్, నెలాఖరుకి నాలుగో అయిదో. పైగా ఆడు గెలవడానికే వేస్తున్నాడని లేదు. చలికాలంలో కొత్త బంతి ఒకటి నేర్చుకునుంటాడు, పడుతోందో లేదో చూసుకుందుకు అదే పదిసార్లు వేస్తాడు. బ్యాటర్ చితగ్గొడితే మనం స్కోరు చూసి అయ్యో అంటాం, ఆడేమో నవ్వుకుంటూ వెళ్తాడు. కొన్ని మ్యాచ్‌లు సమానంగానే ముగించేస్తారు, ఎవరికీ పట్టదు.

మరి చూడాల్సింది ఏటంటే, చెయ్యి. పిచ్చర్ చెయ్యి. బంతి వేగం నిరుటికంటే గంటకి రెండు మూడు మైళ్ళు తగ్గిందా, రావాల్సిన రోజు రాలేదా, “మోచెయ్యి కొంచెం బిగుసుకుంది, స్కానింగుకి పంపాం” అన్నారా, నువ్వు అక్కడాగాలి. నిరుడు మార్చిలో యాంకీస్ పెద్ద పిచ్చర్ గెరిట్ కోల్‌కి ఇదే అయింది. మోచేతిలో లిగమెంటు తెగి టామీ జాన్ ఆపరేషన్ చేయించుకున్నాడు, 2025 అంతా పోయింది. ఆ ఆపరేషను 1974లో మొదటిసారి చేయించుకున్నోడి పేరే టామీ జాన్, చేసిన డాక్టరు ఫ్రాంక్ జోబ్. ఏడాది, ఏడాదిన్నర పడతాది మళ్ళీ మ్యాచ్‌లో బంతి వేసేందుకు. అరిజోనావోళ్ళు కార్బిన్ బర్న్స్‌కి ఆరేళ్ళకి 21 కోట్ల డాలర్లు రాసిచ్చారు, మొదటి జూన్‌లోనే ఆడికీ అదే ఆపరేషను. ఎన్ని కోట్లు పోసినా లిగమెంటు తెగకుండా ఆపలేరు.

ఈ ఏడు ఇంకో తంటా, వరల్డ్ బేస్‌బాల్ క్లాసిక్. మార్చి 5 నుంచి. పెద్దోళ్ళు శిబిరాలు వదిలేసి దేశం తరఫున ఆడ్డానికి పోతారు. 2023లో ఎడ్విన్ డియాజ్ అని, న్యూయార్క్‌లోనే ఇంకో జట్టు మెట్స్‌కి ఆఖరి ఇన్నింగ్స్ పిచ్చరు, ప్యూర్టో రికో గెలిచిందని సంబరంలో గెంతుతూ మోకాలు చెడగొట్టుకున్నాడు. బంతి వేస్తూ కాదు, గెంతుతూ! సీజనంతా కూకున్నాడు. ఇప్పుడు ఆణ్ణే డాడ్జర్స్ మూడేళ్ళకి 6.9 కోట్ల డాలర్లకి తీసుకున్నారు.

డాడ్జర్స్ మాటకొస్తే, బలమైనోళ్ళే, కాదన్ను. కానీ ఆళ్ళ పిచ్చరు యమమోతో ఏం చేశాడో గుర్తు తెచ్చుకో. నిరుటి ఫైనల్లో, అదే వరల్డ్ సిరీస్‌లో, ఆరో మ్యాచ్‌లో 96 బంతులేసి, మర్నాడు ఏడో మ్యాచ్‌లో మళ్ళీ వచ్చి 34 వేశాడు. తొమ్మిదిలో తేలక సాగిన ఆ పదకొండో ఇన్నింగ్స్ చూస్తూ నేను పూరీలు మాడ్చాను, పాతపట్నం బస్సు డ్రైవరు ఇప్పటికీ ఎత్తిపొడుస్తాడు. చూడ్డానికి గొప్పే, మరి ఆ చెయ్యికి నాలుగు నెల్లే విశ్రాంతి. ఒహ్‌తానీ బ్యాటూ పడతాడు, బంతీ వేస్తాడు. నిరుడు జూన్‌లో మళ్ళీ బంతి పట్టి 47 ఇన్నింగ్స్ వేశాడంతే. ఈసారి మొదట్నుంచీ వేస్తాడంటున్నారు. ఆళ్ళ పాత పిచ్చరు కెర్షా రిటైరయ్యాడు. కాబట్టి ఆళ్ళ పేరు రాసేముందు ఆళ్ళ పిచ్చర్లు ఎంతమంది నిలబడున్నారో నెలాఖరుకి ఒకసారి లెక్కెట్టుకో.

డబ్బుని నమ్మకు. మెట్స్ హువాన్ సోటోకి 15 ఏళ్ళకి 76.5 కోట్ల డాలర్లు ఒప్పుకున్నారు, ఆటగాళ్ళ కాంట్రాక్టుల్లో అంత పెద్దది లేదు. 2025లో 83 గెలిచి, 79 ఓడి, అక్టోబరు ప్లేఆఫ్స్‌కే రాలేదు. టొరంటో 2024లో 74 గెలుపులతో డివిజన్లో అట్టడుగు, మరుసటేడు వరల్డ్ సిరీస్ ఏడో మ్యాచ్ దాకా! నిరుడు మార్చిలో ఎవడైనా ఈ రెండూ రాసుంటే పిచ్చోడనుకునేవోళ్ళం. ఇంకా వినాలంటే మిల్వాకీ. నిరుటి సీజన్ రెండో మ్యాచ్‌లోనే యాంకీస్ 9 హోమ్ రన్లు కొట్టి 20-9తో ఉతికేశారు. మిల్వాకీ పిచ్చరు వేసిన మొదటి మూడు బంతులకీ మూడు హోమ్ రన్లు. మా కొట్లో కుర్రాడు “అన్నా, హైలైట్సా?” అన్నాడు. కాదురా, లైవే. ఆ మిల్వాకీయే చివరికి 97 గెలిచి మొత్తం 30 జట్లలో మొదట నిలబడింది.

నా మాటైతే సియాటిల్ రాసెయ్. మీ బావ కోసం కాదు. చేతులు బాగున్న పిచ్చర్లు ఆళ్ళ దగ్గరున్నారు, జోష్ నేలర్‌ని కూడా ఉంచుకున్నారు. ఆడు పరుగులో మన కడుపున్న హెడ్‌మాస్టర్లా ఉంటాడు, అయినా నిరుడు 30 బేసులు దొంగిలించాడు, అంటే బ్యాటర్ కొట్టకుండానే తర్వాతి మెట్టుకి పరుగెత్తేశాడు. కాళ్ళతో కాదు, పిచ్చర్ మెడ ఎప్పుడు తిప్పుతాడో చూసి.

బరంపురం లెక్కల మాస్టారు:

టిఫిన్ గారు చెప్పిన చేతుల సంగతి ఒప్పుకుంటాను, డబ్బుని నమ్మకు అన్నది ఒప్పుకోను. ప్రశ్న సరిగ్గా చూడండి. ఆ అబ్బాయి రాయాల్సింది వరల్డ్ సిరీస్ విజేతని కాదు, డివిజన్ విజేతల్ని. రెండూ వేరు లెక్కలు. అక్టోబరులో ఏడు మ్యాచ్‌ల సిరీస్ ఎటైనా తిరుగుతుంది. టిఫిన్ గారి మిల్వాకీనే తీసుకుందాం. సీజన్‌లో డాడ్జర్స్‌తో ఆడిన ఆరూ గెలిచింది, తీరా ప్లేఆఫ్స్‌లో అదే డాడ్జర్స్ చేతిలో నాలుగుకి నాలుగూ ఓడింది. 162 మ్యాచ్‌ల్లో మాత్రం అదృష్టం అరిగిపోతుంది, అక్కడ లోతున్న జట్టే మిగులుతుంది. 2013 నుంచి 2025 దాకా 13 సీజన్లలో డాడ్జర్స్ తమ డివిజన్‌ని 12 సార్లు గెలిచారు. తప్పింది 2021 ఒక్కటే, అప్పుడు కూడా వాళ్ళు 106 గెలిచారు, శాన్‌ఫ్రాన్సిస్కో జెయింట్స్ 107. ఒక పిచ్చర్ పడిపోతే ఇంకొకణ్ణి నిలబెట్టగలగడమే డబ్బు చేసే పని. ఆ ఒక్క గడి నిశ్చింతగా నింపేయండి.

హోమ్ రన్లకి బావగారు కచ్చితంగా సియాటిల్ క్యాచర్ (మన వికెట్ కీపర్‌లా బ్యాటర్ వెనక కూర్చునేవాడు) కాల్ రాలీ పేరు రాస్తారు, మీరు రాయకండి. 2025లో 60 కొట్టాడు, నిజమే. క్యాచర్‌గా ఎవరూ అన్ని కొట్టలేదు. కానీ అంతకుముందు అతని అత్యధికం 34. రాత్రికి వంద సార్లకు పైగా గొంతుక్కూర్చుని లేచే ఉద్యోగం అది, ఆ మోకాళ్ళతో మళ్ళీ 60 ఆశించడం అత్యాశ. వరసగా కొట్టేవాళ్ళని చూడండి. జడ్జ్ 2024లో 58, 2025లో 53. ఒహ్‌తానీ 54, 55. ఫిలడెల్ఫియా ష్వార్బర్ నిరుడు 56. వీళ్ళలో ఎవరైనా సరే. నన్నడిగితే ఒహ్‌తానీని పక్కన పెడతాను, ఈసారి పూర్తిగా బౌలింగ్ కూడా, క్షమించాలి, పిచింగ్ కూడా చేస్తాడు కాబట్టి అప్పుడప్పుడు విశ్రాంతి ఇస్తారు.

సై యంగ్‌కి పిచ్చర్ గెలుపోటములు చూడొద్దు. పాల్ స్కీన్స్ 2025లో 10 గెలిచి 10 ఓడాడు, అయినా ఓటర్లు నేషనల్ లీగ్ అవార్డు అతనికే ఇచ్చారు. తొమ్మిది ఇన్నింగ్స్‌కి సగటున 1.97 పరుగులే ఇచ్చాడు, పిట్స్‌బర్గ్ బ్యాటర్లు కొట్టకపోతే అతనేం చేస్తాడు! అమెరికన్ లీగ్‌లో డెట్రాయిట్ స్కూబల్ వరసగా రెండుసార్లు తీసుకున్నాడు. ఈ సీజన్ అయ్యాక అతను ఏ జట్టుకైనా వెళ్ళొచ్చు, కాబట్టి ఒళ్ళు వంచి ఆడతాడు.

ఇంకో మాట. ఈ ఏడాది నుంచి, బ్యాటర్ ఆడని బంతి సరైన చోట వచ్చిందా (స్ట్రైక్), లేదా (బాల్) అన్నదానికి మెషీన్‌ని అడిగే వీలొచ్చింది. మ్యాచ్‌కి జట్టుకి రెండు సవాళ్ళు, నెగ్గితే మిగులుతాయి. బ్యాటర్, పిచ్చర్, క్యాచర్ ముగ్గురే, వెంటనే తలమీద తట్టి అడగాలి, బయట కూర్చున్న కోచ్ సైగ చేయకూడదు. మన క్రికెట్ డీఆర్ఎస్‌లో కెప్టెన్ పదిహేను సెకన్లు పంచాయితీ పెడతాడు చూడండి, అది ఇక్కడ లేదు. బంతి పట్టి మెల్లగా లోపలికి లాగి అంపైర్‌ని నమ్మించే క్యాచర్లకి కొంత నష్టం.

పర్లాకిమిడి నైట్‌షిఫ్ట్:

అన్నా, మాస్టారూ, ఇద్దరికీ దండాలు. ఇప్పటికి ఇలా రాశాను: యాంకీస్, డెట్రాయిట్, సియాటిల్, ఫిలడెల్ఫియా, మిల్వాకీ, డాడ్జర్స్. హోమ్ రన్లకి జడ్జ్. పిచ్చర్లు స్కూబల్, స్కీన్స్. సియాటిల్ రాస్తే బావ పేపరూ నా పేపరూ ఆ గడిలో ఒకటే అవుతుంది, దానివల్ల లాభమూ లేదు నష్టమూ లేదు. పర్లేదా? ఇంకో అనుమానం, మిల్వాకీ వాళ్ళు తమ పిచ్చర్ ఫ్రెడీ పెరాల్టాని మెట్స్‌కి ఇచ్చేశారట కదా?

గుణుపురం టిఫిన్:

ఇచ్చేశారు. మిల్వాకీ ఎప్పుడూ అంతే, ఖరీదయ్యేలోపు అమ్మేసి కుర్రాళ్ళని తెచ్చుకుంటారు, మళ్ళీ ఆళ్ళతోనే గెలుస్తారు. ఆ డివిజన్ మూడేళ్ళుగా ఆళ్ళదే. అయినా ఈసారి చికాగో కబ్స్ బ్యాటర్ బ్రెగ్‌మన్‌ని తెచ్చారు, నేనైతే కబ్స్ రాస్తాను. నీ ఇష్టం.

డెట్రాయిట్ దగ్గర జాగ్రత్త. నిరుడు క్లీవ్‌లాండ్ కంటే 15న్నర మ్యాచ్‌లు ముందుండి కూడా డివిజన్ పోగొట్టుకున్నారు. అంత ఆధిక్యం వదులుకున్నోళ్ళు ఈ ఆటలో ఇంకెవరూ లేరు. స్కూబల్ ఒక్కడూ అయిదు రోజులకోసారే వేస్తాడు, మిగతా నాలుగు రోజులూ ఎవరు వేస్తారు అని అడుక్కో.

సియాటిల్ ఒకటే అయితే అవనీ. మీ బావ తప్పితే నువ్వూ తప్పుతావు, అంతేగా. మొదటి మ్యాచ్ శాన్‌ఫ్రాన్సిస్కోలో, యాంకీస్, జెయింట్స్. అక్కడ మార్చి 25 సాయంత్రం, మనకి 26 పొద్దున్నే. కాగితం 24 రాత్రి దాకా పంపకు. ఆ రోజు దాకా ఎవడో ఒకడి మోచెయ్యి స్కానింగు వార్త వస్తూనే ఉంటాది.

బరంపురం లెక్కల మాస్టారు:

కబ్స్ మాటకి నేను వ్యతిరేకం, మిల్వాకీ ఉంచండి. ఇంకోటి కూడా చెప్పాలి. ఆటగాళ్ళకీ యజమానులకీ మధ్య ఒప్పందం 2026 డిసెంబరు 1తో అయిపోతుంది. కిందటిసారి అలా అయిపోయినప్పుడు 2021 డిసెంబరు నుంచి 99 రోజులు తలుపులు మూసేశారు. వచ్చే ఏడాది ఫిబ్రవరిలో శిబిరాలు సమయానికి తెరుస్తారో లేదో. గెలిస్తే బట్టలు ఈ సంక్రాంతికే వసూలు చేసుకోండి, బాకీ ఉంచొద్దు.

జయపురం జాంపండు:

మొత్తం చదివాను. ఆ నేలర్ వీడియో లింకు ఎవరైనా పెట్టండి.